రైలు సిమ్యులేటరునకు తొలి నమూనా: ఏ సాఫ్ట్‌వేర్‌తో?



రైలు నడుపువారు కొందరు, రైలెక్కి ప్రయాణము చేయువారు అనేకులు. ఈ రెండు తెగలకును చెందక, ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి, తెరమీది పట్టాలపై సిగ్నళ్ల ననుసరించి బండి నడుపుచు, కొంతకాలమునకు ఆ నడుపుటతో మాత్రమే తృప్తి చాలక, తాను చిన్ననాటినుండి చూచిన ఇంజనును, తాను దిగిన స్టేషనును, తన యూరి లెవల్ క్రాసింగు గేటును ఆ తెరమీద స్వహస్తములతోనే నిలువబెట్టవలెనని తహతహలాడు మూడవ తెగ యొకటి ఈ పాతిక సంవత్సరములలో లోకమున పలుచోట్ల పుట్టి పెరిగినది. తెలుగువారిలోను ఈ తెగకు చెందినవారు లేకపోలేదు. వారిలో ఇప్పుడిప్పుడే పనికి పూనుకొన్నవారు అడుగు ప్రశ్న ఒక్కటే: త్రిమితీయ నమూనాలు చేయుటకు అన్నిటికంటె సులభమైన సాఫ్ట్‌వేర్ ఏది? ఈ పూట నా ప్రసంగము ఆ ప్రశ్నను గూర్చియే. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గనుక, చూపవలసినదానిని మాటలతోనే కట్టి చెప్పవలసియున్నది. కొంచెము ఓపిక పట్టి వినుడు.

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పను. ఏలయన, ఏది సులభమని అడుగుటకు ముందు ఏ సిమ్యులేటరు కొరకని అడుగవలెను. ఈ రెండవదానికి జవాబు లేనిదే మొదటిదానికి అర్థమే యుండదు. 2001వ సంవత్సరమున మైక్రోసాఫ్ట్ సంస్థ ట్రెయిన్ సిమ్యులేటర్ అను పేర ఒకదానిని వెలువరించినది. దానిని నిర్మించినవారు ఇంగ్లండులోని కుజు ఎంటర్‌టెయిన్‌మెంట్ వారు. దానితో వచ్చినవి ఆరు మార్గములే యైనను, వాడుకరులు తమ సొంత మార్గములను, ఇంజనులను, పెట్టెలను చేర్చుకొనుటకు ద్వారము తెరచియుంచుటచేత, ఆ ఆరు మార్గముల చుట్టును ఔత్సాహికుల చేతిపని రాశులు రాశులుగా పేరుకొన్నది. ఆ సంవత్సరముననే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమునుండి ఆరాన్ సంస్థవారి ట్రెయిన్జ్ వెలువడినది. కుజువారే మరల 2007లో రెయిల్ సిమ్యులేటర్ అనుదానిని చేసిరి; అది తరువాత రెయిల్‌వర్క్స్ అయి, డవ్‌టెయిల్ గేమ్స్ వారి చేతులలో మరల ట్రెయిన్ సిమ్యులేటర్ అను పేరే దాల్చినది. మైక్రోసాఫ్ట్ వారు తమ దానిని విడిచిపెట్టిన పిమ్మట, అందుకొరకు జనులు సంవత్సరముల తరబడి చేసిపెట్టిన వస్తుసంపద వ్యర్థము కారాదను సంకల్పముతో కొందరు స్వచ్ఛందముగా పూనుకొని, ఆ పాత ఫైళ్లనే చదివి, కొత్త కంప్యూటరుల శక్తిని వినియోగించుకొను ఓపెన్ రెయిల్స్ అనుదానిని నిర్మించిరి. దాని 1.0 సంచిక 2015లో వచ్చినది. అది ఉచితము, దాని మూలసంకేతమును ఎవరైనను తెరచి చూడవచ్చును. తొలి పాఠములు నేర్చుకొనువారికి నేను చూపు దారి ఇదియే, కావున ఇకమీద చెప్పబోవు మాటలలో అధికభాగము ఓపెన్ రెయిల్స్‌ను దృష్టియందుంచుకొని చెప్పునవే.

ఈ సిమ్యులేటరులలో ప్రతిదానికిని తనదైన ఫైలు రూపము కలదు. ఓపెన్ రెయిల్స్ చదువునది 'ఎస్' అను ఒంటి అక్షరపు పొడిగింపుగల ఆకారఫైలు. నేటి ట్రెయిన్జ్ ఎఫ్‌బీఎక్స్ అను రూపమును స్వీకరించును. మీరు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎంత అందముగా పెట్టెను మలచినను, దానిని ఆ సిమ్యులేటరు చదువు రూపమునకు మార్చి వెలికి పంపు ఎక్స్‌పోర్టరు లేనిచో, ఆ పెట్టె మీ తెరమీద బొమ్మగా నిలిచిపోవునే గాని పట్టాలమీదికి రానేరదు. కనుక సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకొనుట యనగా నిజమునకు ఎక్స్‌పోర్టరును ఎన్నుకొనుటయే. ఈ చిన్న సంగతి తెలియక, సులభమని విన్నదానిలో నెలల తరబడి శ్రమించి, తీరా వెలికి పంపు వేళకు దారి లేదని కనుగొని, పని విరమించువారు కలరు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పవలసియున్నది. 2001 ప్రాంతమున, ఆటోడెస్క్ సంస్థ శాఖయైన డిస్క్రీట్ వారు, సామాన్యునికి అందని ధర గల తమ 3డీఎస్ మ్యాక్స్ అను సాఫ్ట్‌వేర్‌ను కుదించి, జీమ్యాక్స్ అను పేర ఉచితముగా పంచిపెట్టిరి. ట్రెయిన్ సిమ్యులేటరు కొరకును, ట్రెయిన్జ్ కొరకును వస్తువులు చేయువారు దానిని ఆనందముతో అందుకొనిరి. కొన్ని సంవత్సరములపాటు తొలిపాఠము చెప్పువారి నోట వినవచ్చిన పేరు అదియే. 2005లో సంస్థవారు దానిని నిలిపివేసిరి. అందులో దాచిన ఫైళ్లు వారి సొంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో సైతము తెరచుకొనని రూపమున నుండెను. దానిని నమ్మి పని చేసినవారి శ్రమ కొత్త కంప్యూటరులకు తరలిరాలేక పాతదానిలోనే చిక్కుకొన్నది. డబ్బు తీసికొనకుండ ఇచ్చుట వేరు, తిరిగి లాగుకొనుటకు వీలులేకుండ ఇచ్చుట వేరు. ఎన్నిక చేయునపుడు నేను చూచు రెండవ లక్షణము ఈ భేదమే.

ఇప్పుడు పేర్లకు వచ్చెదను. సులభమను మాట వినబడగానే ముందుగా అందరికి తట్టునది స్కెచప్. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బౌల్డరు నగరపు చిన్న సంస్థయొకటి 2000వ సంవత్సరమున దీనిని వెలువరించినది. 2006లో గూగుల్ కొన్నది. 2012లో ట్రింబుల్ సంస్థ చేతికి వచ్చినది. భూమిమీద ఒక దీర్ఘచతురస్రము గీచి, దానిని పట్టుకొని పైకి లాగినచో గది యగును. గోడమీద మరొక చతురస్రము గీచి లోనికి నెట్టినచో కిటికీ యగును. ఇంతకంటె సులభముగా త్రిమితీయ వస్తువును కట్టించు సాధనమును నేనెరుగను. స్టేషను భవనము, ప్లాట్‌ఫారపు షెడ్డు, రైల్వే క్వార్టర్లు, గేటుమనిషి గది మొదలగు కదలని వస్తువులు మాత్రమే చేయదలచినవారు దీనితో సంతోషముగా జీవింపవచ్చును. కాని రైలు కదలునది. చక్రము తన ఇరుసు చుట్టు తిరుగవలెను, చక్రముల చట్రము వంపులలో పెట్టెక్రింద మళ్లవలెను, పాంటోగ్రాఫు లేచి దిగవలెను. ఒక భాగమునకు మరొక భాగము లోబడియుండు ఈ క్రమమును ఏర్పరచుటయందును, వంకర తలములపై రంగుబొమ్మను చక్కగా అమర్చుటయందును స్కెచప్ మొదటి గంటలో చూపిన దయను తరువాత చూపదు. పైగా దానితో కలసి లభించు సిద్ధవస్తువుల భాండాగారము ఒక ప్రలోభము. అక్కడి వస్తువులలో పెక్కు ఇండ్లకు పథకము గీచువారి కొరకు చేసినవి. ఒక కుర్చీకి వేలకొలది త్రిభుజములు ఖర్చు చేసినను వారికి నష్టము లేదు, సిమ్యులేటరునకు మాత్రము కలదు.

స్కెచప్‌కును, నేను ముందు చెప్పబోవుదానికిని నడుమ 3డీ క్రాఫ్టర్ అనునది కలదు. పూర్వము దీని పేరు 3డీ క్యాన్వాస్. ట్రెయిన్ సిమ్యులేటరు వస్తువులు చేయువారిలో దీనికి నమ్మకమైన అనుయాయులు ఉండిరి, ఇప్పటికిని కొందరున్నారు. ఎక్స్‌పోర్టు చేయు సౌకర్యము దానిలోనే అమరియుండుట అందుకు కారణము. దానిని తెలిసిన మిత్రుడు దగ్గరనున్నచో, తప్పక నేర్వుడు. లేనిచో ఒంటరిగా దానివైపు పోవలదు. 3డీఎస్ మ్యాక్స్ సంగతి ఒక్క వాక్యమున ముగింతును: అది గొప్పది, విద్యార్థులకు ఉచితముగా దొరకును, విద్యార్థి దశ దాటిన మరునాడు దాని ధర చూచి గుండె ఆగును.

నా తీర్పు బ్లెండరు పక్షమున నున్నది. నెదర్లాండ్సుకు చెందిన టోన్ రోసెండాల్ 1990వ దశకమున దీనిని తన సంస్థ అవసరములకై మొదలిడెను. తరువాత దీనికొరకే నెలకొల్పిన వ్యాపారసంస్థ 2002లో మూతపడగా, సాఫ్ట్‌వేర్ హక్కులను పెట్టుబడిదారులనుండి విడిపించుటకు లక్ష యూరోలు కావలసివచ్చెను. లోకమునందలి వాడుకరులు చందాలు వేసికొని ఏడు వారములలో ఆ మొత్తమును సమకూర్చిరి. అదే సంవత్సరము అక్టోబరు 13వ తేదీన దాని మూలసంకేతము సర్వజనుల సొత్తుగా వెలువడెను. జీమ్యాక్స్‌కు పట్టిన గతి దీనికి పట్టదని నేను ధైర్యముగా చెప్పుటకు ఆధారమిదియే: దానిని నిలిపివేయు అధికారము ఏ ఒక్కరి చేతిలోను లేదు. ఓపెన్ రెయిల్స్ చదువు ఎస్ ఫైలును వ్రాయు ఎక్స్‌పోర్టరును ఔత్సాహికులు దీనికొరకు చేసియున్నారు. ట్రెయిన్జ్‌కు కావలసిన ఎఫ్‌బీఎక్స్ దీనిలోనే కలదు. ఒక సాధనము నేర్చిన చేతికి రెండు సిమ్యులేటరుల ద్వారములు తెరచుకొనును.

బ్లెండరు తొలివారికి సులభము కాదని మీరందురు. నిజమే. మొదటిసారి తెరచినపుడు నడుమ ఒక ఘనము, చుట్టును వందలాది మీటలు, పేరు తెలియని పలకలు కనబడి మనిషి బెదరును. కాని రైలుపెట్టె చేయువానికి ఆ మీటలలో పదోవంతు కూడ అక్కరలేదు. జరుపుటకు జీ, త్రిప్పుటకు ఆర్, పెంచి తగ్గించుటకు ఎస్, ఒక తలమును పట్టి బయటికి లాగుటకు ఈ, వస్తువు లోపలి శీర్షములను అంచులను సవరించు స్థితికి పోవుటకు ట్యాబ్: ఈ అయిదు మీటలతో గూడ్సు వ్యాగను సగము పూర్తియగును. బొచ్చు మొలిపించుట, పొగ లేపుట, బొమ్మలను ఆడించి చలనచిత్రము తీయుట ఇత్యాదులన్నియు ఇతరుల కొరకు ఉన్నవి; వానివైపు చూడకుండుటయే మనకు నేర్పు. మరొక హెచ్చరిక: 2019 జులైలో వచ్చిన 2.80 సంచికతో దీని రూపురేఖలు ఆసాంతము మారినవి. అంతకుముందు వస్తువును ఎన్నుకొనుటకు మౌసు కుడిమీట నొక్కవలసి యుండగా, అప్పటినుండి ఎడమమీట అయినది. కనుక అంతకు పూర్వపు పాఠములను చూచి నేర్వబోయిన వారికి మొదటి అడుగునందే చిక్కు కలుగును. అటులనే, సరిక్రొత్త సంచిక వచ్చిన రోజుననే దానికి మారుట కూడ తగదు. మీరు వాడు ఎక్స్‌పోర్టరు ఏ సంచికతో పని చేయునని దాని కర్త చెప్పునో, ఆ సంచికనే ఉంచుకొనుడు.

ఏ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకొన్నను, మొదటి వస్తువు ఇంజను కారాదు. ఇంజనుతో మొదలుపెట్టుట ప్రతి అభిమానికిని సహజమైన కోరిక. ఆ కోరికను కొంతకాలము బిగబట్టవలెను. తెలుగువాడు చేయదగిన తొలి వస్తువు స్టేషను పేరు పలక. పసుపుపచ్చని నేలమీద నల్లని అక్షరములతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషలలో ఊరి పేరు, క్రింద సముద్రమట్టమునుండి ఎత్తు, రెండు స్తంభములు. ఆకారమున చూడ మూడు పెట్టెలకంటె ఎక్కువ లేదు, కాని ఇంతకంటె మంచి పరీక్ష దొరకదు. ఏలయన, అక్షరములు అబద్ధమాడవు: రంగుబొమ్మ తలక్రిందుగా అంటినను, అద్దములోవలె ఎడమ కుడి మారినను, గోడమీదనైతే కనబడని తప్పు ఇక్కడ మొదటి చూపునకే బయటపడును. తలము ముఖము వెనుకకు తిరిగియున్నచో పలక ఒకవైపునుండి మాయమగును. కొలత పొరపాటైనచో పలక ప్లాట్‌ఫారముమీద అగ్గిపెట్టెవలెనో మేడవలెనో నిలుచును. అక్షరములను మాత్రము గట్టి ఆకారములుగా చెక్కబోవలదు. మన లిపి గుండ్రని వంపులతో నిండినది, ప్రతి వంపునకును ఎన్నో త్రిభుజములు ఖర్చగును. జింప్ వంటి బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పలక ముఖమును చిత్రముగా వ్రాసికొని, ఆ చిత్రమును నమూనాపై అతికించుటయే పద్ధతి. ఈ అతికింపునకు ముందు నమూనా తలములను, అట్టపెట్టెను అంచులవెంట కోసి నేలమీద పరచినట్లు, సమతలముగా విప్పవలెను; దీనినే ఈ పని చేయువారు అన్‌ర్యాప్ చేయుట యందురు. ఈ పలకను మలచి, రంగు వేసి, ఎక్స్‌పోర్టు చేసి, ఓపెన్ రెయిల్స్‌లో ఒక స్టేషనునందు నిలిపి చూచువరకు ఏ సాఫ్ట్‌వేర్‌ను గూర్చియు మీరు అభిప్రాయమునకు రావలదు. రెండు సాఫ్ట్‌వేర్‌ల నడుమ సందేహము తీరనివారు ఈ పలకనే రెండింటిలోను చేసి చూడవచ్చును.

పిమ్మట రైలుపెట్టె. మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 అక్టోబరు 2న ప్రారంభమైనది; అక్కడ రూపొందిన పెట్టెయే దశాబ్దములపాటు మనలో అనేకుల తొలి ప్రయాణమునకు ఆశ్రయమైనది. దాని కాయము పొడవు 21,337 మిల్లీమీటర్లు, వెడల్పు 3,245. జనులు పెట్టెనంతటిని బోగీ యందురు గాని, నేనిక్కడ బోగీ యనునది కర్మాగారమువారి మాటలో, అనగా పెట్టెక్రింది చక్రముల చట్రము. రెండు బోగీల కేంద్రముల నడుమ దూరము 14,783. ఒక్కొక్క బోగీలో ఇరుసునుండి ఇరుసునకు 2,896. కొత్త చక్రపు వ్యాసము 915. బ్లెండరులో ఒక ప్రమాణము ఒక మీటరు గనుక, పెట్టె మధ్యబిందువును సున్నగా పెట్టినచో, బోగీ కేంద్రము ఇరువైపుల 7.3915 మీటర్లకడ, ఇరుసులు 5.9435, 8.8395 మీటర్లకడ నిలుచును. ఈ అంకెలను కాగితముమీద వ్రాసి గోడకు అంటించుకొనువాడు సగము దారి గడచినవాడు. చక్రపు నమూనాకు కేంద్రబిందువు సరిగ్గా ఇరుసు నడుమ నుండవలెను. అది వేలెడంత తప్పినను, బండి కదలగానే చక్రము తన చుట్టు తాను తిరుగుట మాని గుడిచుట్టు ప్రదక్షిణము చేసినట్లు తిరుగును. వస్తువును పెంచి తగ్గించిన పిమ్మట కంట్రోల్, 'ఏ' మీటలు కలిపి నొక్కి ఆ మార్పును స్థిరపరుపక ఎక్స్‌పోర్టు చేసినచో కొలతలన్నియు తారుమారగును. ఓపెన్ రెయిల్స్ తన పూర్వజుని సంప్రదాయమునే పాటించి, పెట్టె కాయమునకు 'మెయిన్' అనియు, బోగీలకు 'బోగీ1', 'బోగీ2' అనియు, చక్రములకు 'వీల్స్11', 'వీల్స్12' అనియు ఇంగ్లీషు అక్షరములలో పేర్లుండవలెనని కోరును. ఇవి అలంకారమునకు పెట్టిన పేర్లు కావు. వీనిని చూచియే సిమ్యులేటరు దేనిని త్రిప్పవలెనో నిర్ణయించును.

పట్టాల వెడల్పును గూర్చి ఒక మాట. ఈ సిమ్యులేటరులు పుట్టిన దేశములలో పట్టాల నడుమ దూరము ప్రధానముగా 1,435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676. మీ పెట్టె ఏ పట్టాలమీద నిలుచునో మొదటనే తేల్చుకొని చక్రములను అమర్చనిచో, పని యంతయు ముగిసిన పిమ్మట చక్రములు కంకరలో నడచుట చూడవలసివచ్చును.

త్రిభుజముల పొదుపు సంగతి కూడ అంకెలతోనే చెప్పెదను. బ్లెండరులో స్తంభాకారమును కోరినచో, వేరుగ చెప్పనంతవరకు, అది 32 ప్రక్కలతో వచ్చును. చుట్టును 64 త్రిభుజములు, రెండు మూతలకు 60, వెరసి ఒక్క చక్రమునకు 124. పెట్టెకు ఎనిమిది చక్రములు, అనగా 992; ఇరువదినాలుగు పెట్టెల బండికి 23,808. ఇవి బోగీ చట్రము వెనుక దాగి, ప్లాట్‌ఫారమునుండి చూచువానికి సగమైనను కనబడని వస్తువులు! అదే చక్రమును 12 ప్రక్కలతో చేసినచో 44 త్రిభుజములు, బండికంతటికి 8,448. కంటికి తేడా అత్యల్పము, కంప్యూటరునకు మాత్రము గొప్ప ఉపశమనము. చూపరి కన్ను నిలుచు చోట ధారాళముగాను, నిలువని చోట కఠినముగాను ఖర్చు చేయుట నేర్చినవాడే ఈ విద్యలో పనివాడగును. ఏ సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను తెరమీద ఎల్లప్పుడు చూపునో అది మనకు అనుకూలము; బ్లెండరులో దానికి గణాంకములను చూపు మీట ఒకటి కలదు, మొదటి రోజుననే వెదకి నొక్కియుంచుడు.

రంగుల విషయమున, స్వయముగా తీసిన ఛాయాచిత్రములకు మించిన ఆధారము లేదు. కాని ఎండలో తీసినవి పనికిరావు. కిటికీ చువ్వల నీడలు గోడమీద పడి, ఆ నీడలే రంగులో కలసిపోయి, సిమ్యులేటరులో అర్ధరాత్రి వేళ సైతము మీ పెట్టెపై మధ్యాహ్నపు నీడలు కనబడును. మబ్బు పట్టిన వేళ, పెట్టెకు ఎదురుగా, కెమెరా వంగకుండ పట్టుకొని తీయవలెను. చిత్రపు పరిమాణము 512, 1024, 2048 అను వరుసలోనిదై యుండవలెను. పెట్టెకు ఇటుకరంగు వేయుదురో, 1990వ దశకమునుండి కనవచ్చిన నీలిరంగు వేయుదురో మీ ఇష్టము. కాని ఇటుకరంగు పెట్టెల ముందు నిన్నమొన్నటి విద్యుత్తు ఇంజనును నిలిపినచో ఎరిగినవారు నవ్వుదురు.

కడపట, దాచుకొను సంగతి. ఎక్స్‌పోర్టరు వెలువరించిన ఎస్ ఫైలును మరల తెచ్చి సవరించుట కష్టము. అది సిమ్యులేటరు చదువుకొనుటకు చేసినది, మనిషి దిద్దుకొనుటకు చేసినది కాదు. కావున బ్లెండరు మూలఫైలును, పొరలు విడివిడిగా నున్న రంగుబొమ్మను, కొలతల పట్టికను, ఛాయాచిత్రములను ఒకే ఫోల్డరులో చేర్చి, మరొక ప్రతిని వేరొక డిస్కులో ఉంచుడు. మీ పెట్టెను ఇతరులకు ఇచ్చునపుడు, దానికి వారు వేరొక రంగు వేసికొనవచ్చునా, అమ్ముకొనవచ్చునా, ఎవరిదైన భాగము మీరు వాడుకొన్నచో అది ఎవరి అనుమతితో వాడితిరి అనునవి రెండు మూడు వాక్యములలో వ్రాసి ఆ ఫోల్డరుతోనే పంపుడు.